ఎల్లవ్వ చిక్కుడు పందిరి

జనగామ మార్కెట్లో చిక్కుడుకాయలు బేరమాడుతూ ఒక కాయ విరిచాను. పచ్చివాసన గుప్పుమంది. వెంటనే ఎల్లవ్వ గుర్తొచ్చింది.

దేవరుప్పుల దగ్గరి పల్లెకు నేను కోడలిగా వెళ్లిన నాటికి, పక్కింటి ఎల్లవ్వకు భర్త లేడు, పిల్లలు లేరు. ఉన్నదల్లా ఇంటి వెనుక పెరడు. దూరపు బావి నుంచి కడవలతో నీళ్లు మోసి చిక్కుడు పెంచేది. మొదటి ఏడు పేనుబంక పట్టి పూతంతా మాడిపోయింది. మరుసటి ఏడు పొద్దున్నే ఆకు ఆకుకూ బూడిద చల్లి కాపాడింది. పందిరి విరగకాసింది. తొలికాపు ఊరి దొర గడీకి వెట్టిగా ఇవ్వాలట! దొర జీతగాడు వచ్చి, కాయలతోపాటు తీగలు కూడా పీకేశాడు.

"కాయలు గావాల్నంటే తెంపిస్త గద! తీగెలెందుకు గుంజుతున్నవ్?" అని ఎల్లవ్వ అరిచింది.

"గడిలకొచ్చి అడుగు" అన్నాడు వాడు.

నిజంగానే వెళ్లింది. తెగిన తీగల మోపు గడీ వాకిట్లో పడేసి, "గివి గూడ తినుండ్రి" అంది. అందుకు ఆమెను ఎండలో వంగబెట్టి వీపు మీద బండ పెట్టారు. చిక్కుడు తీగ కోసం! సాయంత్రం నేను ఏడుస్తూ కాపడం పెడుతుంటే ఒక్కటే అడిగింది.

"వాడు తీగెలు గుంజంగ నువ్వు సూసినవ్ గద బిడ్డా. నోరెందుకు లేవలే?"

నేను కాపడం గుడ్డను మళ్లీ నిప్పుల మీద కాచాను.

తర్వాత దొరల మీద తిరగబడ్డ సంఘం వచ్చింది, వెట్టి పోయింది, దొర పట్నం పారిపోయాడు. ఎల్లవ్వ తొలికాపు వాడకంతా పంచింది. ఆ సంబరమూ నిలవలేదు. మిలిటరీ దిగింది, సంఘం వాళ్లు అడవిలోకి వెళ్లిపోయారు. వాళ్లను వెంటబెట్టుకొచ్చిన పట్వారి పందిరి కేసి చూసి, "ఒక్కదానివి, గిన్ని కాయలెవలికే? అడవిల ఉన్నోళ్లకేనా?" అన్నాడు.

ఈసారి నేను అడ్డంగా నిలబడ్డాను. "మాకు! మా ఇంట్ల రోజు వండేది గవే. పందిరి ముట్టకుండ్రి!"

ఒక సిపాయి దవడ మీద కొట్టాడు. పందిరి నరికేశారు. ఎల్లవ్వ నా చెంపకు పసుపు రాస్తూ, "విత్తనం ఇంట్ల ఉన్నది, మల్ల పెడదాం తియ్" అంది. వాన పడగానే ఇద్దరం కలిసి పెట్టాం.

ఆమె పోయి చాలా ఏళ్లయింది. అమ్మకు నోరెక్కువని నా పిల్లలు విసుక్కుంటారు. విసుక్కోనీ. ఆ నోరు నాకు ఊరికే రాలేదు.