తాతయ్య తిప్పని పేజీ

నా చిన్నప్పుడు, బస్తర్ ఇంకా రాజుగారి సంస్థానంగా ఉన్న రోజుల్లో, శబరి ఒడ్డున మా ఊళ్ళో తెలుగు కూలీల ఇళ్ళు పదో పన్నెండో ఉండేవి. ఆ ఏడు వానాకాలంలో మా నాన్న వెట్టికి పోయాడు. అధికారుల సామాను మోస్తూ అడవి దారిలో జ్వరం తగిలి, మళ్ళీ రాలేదు. అమ్మ ఏడ్చింది. నాకు ఏడుపు రాలేదు. గంజి పోస్తే తాగేదాన్ని, పొమ్మంటే పోయేదాన్ని.

వరి కోతలు దగ్గరపడ్డాయి. కోసిన మళ్ళలో రాలిన వెన్నులు ఏరుకోవడాన్ని పరిగె అంటారు. అది మాలాంటి ఇళ్ళకు ఎప్పటినుంచో ఉన్న హక్కు. ఎండాకాలం దాకా మా గంజి దానితోనే. ఆ ఏడు మాత్రం, వెట్టికి మనిషిని పంపని ఇంటికి పరిగె లేదన్నాడు ఆ మళ్ళ ఆసామి పటేలు. మా ఇంట్లో పంపడానికి మనిషి లేడు. ఇక నది దాటి కూలికి పోవడమేనని అమ్మ మూట కట్టడం మొదలుపెట్టింది.

ఊరంతా తాతయ్య అని పిలిచే ముసలాయన ఒకడుండేవాడు. మిషన్ వాళ్ళ దగ్గర చదువు నేర్చుకున్నాడు. ఆదివారాలు పటేలు అరుగుమీద ప్రార్థన జరిగేది. తాతయ్య బైబిలు చదివేవాడు, పటేలు అందరికంటే ముందు కూర్చునేవాడు. పొలం కోసేటప్పుడు మూలలదాకా కోయవద్దని, పరిగె పేదవాళ్ళకు వదలమని దేవుడు మోషేతో చెప్పిన చోటు, పటేలు పరిగె లేదన్న ఆ వారం చదివాడు. తర్వాతి ఆదివారమూ అదే. మూడో ఆదివారమూ అదే. తాతకు కండ్లు మసకబారి పేజీ దొరకడం లేదేమోనని వెనక ఒకామె గొణిగితే ఆడవాళ్ళు నవ్వుకున్నారు. పటేలు నవ్వలేదు.

"ఏంది తాతా, అంత లావు పుస్తకంల ఇంకో పేజీ లేదా?"

"ఉంది పటేలా. ఇది అయినంక తిప్పుతా."

కోత రోజు తాతయ్యే మునుం పట్టాడు. ముందు వరుసలో కోసే ఆ మనిషిని దాటి ఎవరూ కొడవలి వెయ్యరు. ఆయన ఆగితే అందరూ ఆగాలి. మడి చివరి మూలకు వచ్చేసరికి తాతయ్య కొడవలి తుడిచి మొలలో దోపుకున్నాడు. వెనక కొడవళ్ళన్నీ ఆగిపోయాయి. మా మూలంగా ముసలాయనకు పని పోతుందని గట్టు పక్కన నాతో నిలబడ్డ అమ్మ భయపడింది. పటేలు గట్టుమీదికి వచ్చి, ఆ మూల కూడా కొయ్యమన్నాడు.

"నా కోత అయింది పటేలా. ఇగ ఆ మూల వాళ్ళది."

పక్కన కోయని మళ్ళు ఇంకా నాలుగున్నాయి. పటేలు వాటివైపు చూశాడు. మావైపు చూడకుండానే, తర్వాతి మడికి నడవమన్నాడు.

అమ్మ నన్ను ఆ మూలలోకి తోసింది. నా చేతులు వెన్నులు తుంచాయి, రాలినవి ఏరాయి. నాకు సంతోషం కలగలేదు, బాధా కలగలేదు. మూట విప్పుతున్న అమ్మను చూసినా అంతే. ఆదివారం వచ్చింది. తాతయ్య పేజీ తిప్పాడు. నాన్న పోయాక నాకు సరిగ్గా వినబడిన మొదటి చప్పుడు ఆ కాగితానిదే.

నేను బడికి పోలేదు. పెద్దయ్యాక అక్షరాలు కూడబలుక్కుని, జగదల్‌పూర్ లైబ్రరీలో బైబిలు మొదటినుంచి చివరిదాకా చదివాను. పేదవాళ్ళకు వదలమన్న ఆ ఆజ్ఞ ఒక్కచోట కాదు, మూడుచోట్ల ఉందని నేనే వెతికి పట్టుకున్నాను. ఆ సంగతి తాతయ్యకు తెలుసో లేదో. ఇప్పటికీ ఏ పుస్తకంలోనైనా పేదవాడి వంతు గురించి మాట వస్తే, అక్కడ వేలు పెట్టి ఆగిపోతాను. గడువు దాటింది, పుస్తకం తిరిగి ఇవ్వలేదేమని లైబ్రరీవాళ్ళు అడుగుతారు. ఇంకా అవ్వలేదంటాను.