డీఏపీ సంచిలో వచ్చిన మట్టి

ఎరువుల కొట్టు ముందునుంచి పోతే ముక్కుకు తగిలే ఆ ఘాటుకి ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. ఎవరి మీదో కాదు, నా మీదే. ఆ వెంటనే పైడమ్మ మేడం గుర్తొస్తారు. శ్రీకాకుళంలో నేను కొత్తగా ఉద్యోగంలో చేరిన మట్టి పరీక్షల ల్యాబుకి ఆవిడే పెద్ద.

అప్పన్న అనే రైతు మొక్కజొన్న వేయబోయే పొలం మట్టిని ఖాళీ డీఏపీ ఎరువు సంచిలో తెచ్చాడు. చూశాను. చూసి కూడా మట్టిని గుడ్డసంచిలోకి ఒంపేసుకున్నాను. పరీక్షలో భాస్వరం బోలెడంత వచ్చింది. ఈ పంటకి భాస్వరం వేయనక్కర్లేదని ఫలితాల కార్డు రాసి, సంతకం గీకి పంపేశాను.

కొన్నాళ్లకి ఆయన తమ్ముడు పక్క పొలం మట్టి గుడ్డమూటలో తెచ్చాడు. అందులో భాస్వరం లేనట్టే లెక్క. మేడం రెండు కార్డులూ పక్కపక్కన పెట్టారు.

"గట్టుకి ఇటు అంత, అటు ఇంతేనా? అప్పన్న మట్టి దేన్లో తెచ్చినాడే?"

"డీఏపీ సంచిలో, మేడం."

"ఓసి నీ దుంప తెగ! సంచిలో మిగిలిన ఎరువులో భాస్వరాన్ని కొలిసి, మట్టిదని రాసేసినావా? నడు. మొక్కజొన్నకి భాస్వరం ఇత్తనంతోనే పడాల."

ఆటోలో పరుగెత్తాం. అప్పటికే విత్తిన సగం పొలం మొలిచింది, మిగతా సగం ఇంకా విత్తలేదు. పైన చల్లితే భాస్వరం వేళ్ల దాకా దిగదు. మేడం పదిమంది ఎదుటా, "తప్పు మాదే అప్పన్నా. మిగతా సగానికైనా ఎరువెయ్యి" అన్నారు. నా పేరెత్తలేదు. నన్ను తిట్టినా బాగుండేది.

తర్వాత, పైరు ఎదిగే వేళకి, నన్ను మళ్లీ అక్కడికి తీసుకెళ్లారు. ఎరువు పడిన సగం నా నడుం దాటింది. ముందు విత్తిన సగం మోకాలు దాటలేదు, ఆకుల అంచులు ఊదారంగు తిరిగాయి. మేడం ఎండలో ఆ గట్టు పొడవునా నన్ను నడిపించారు. సిగ్గుతో చచ్చిపోయాను.

మరుసటి ఏడు అప్పన్న గుడ్డమూటలో మట్టితో వచ్చాడు. నన్ను దాటుకుని వెళ్లి మేడం చేతికివ్వబోయాడు.

"నాకెందుకు? ఆ పిల్లకే ఇయ్యి."

"ఆ పిల్లకా, మేడం?"

"ఆ పిల్లకే."

ఆయన నావైపు చూశాడు. మూట చేతిలోనే ఉంచుకుని కాసేపు నిలబడ్డాడు. తర్వాత ఇచ్చాడు. ఇప్పుడు ఆ ల్యాబుకి పెద్దని నేనే. కార్డు మీద సంతకం పెట్టే ముందు, ఆ రోజు ఆయన అలా నిలబడ్డంతసేపు నేనూ ఆగుతాను.