అమృతమ్మ తీస్కపోయిన సర్టిఫికెట్

వారాసిగూడ అమృతమ్మ ఖాందాన్ల సర్టిఫికెట్ మొకం చూసినోళ్లు లేరు. చివరికి కొడుకు పరుశురాం ఒకటి తెచ్చిండు. ఏడికెల్లి? జైలుకెల్లి! తాగిన మైకంల ఒకని తల పగలగొట్టి రెండేండ్లు లోపలున్నడు. గాడ డాక్టర్లు గోలీలిచ్చి, కూసోబెట్టి మాట్లాడి, తాగుడు మాన్పించిన్రు. పంపేటప్పుడు ముద్ర కొట్టి కాయితమిచ్చిన్రు. "చేతికి పని ఉండాలె, ఖాళీగుంటే మళ్ల షురువైతది" అని తల్లికి మరీమరీ చెప్పిన్రు. అమృతమ్మ ఆ కాయితాన్ని తార్నాకల లామినేషన్ చేయించింది.

పరుశురాం జైలు సంగతి దాచి యూనివర్సిటీ హాస్టల్ మెస్సుల వంటకు కుదిరిండు. ఆదివారం పొద్దుగాల రూముల ముంగట ఖాళీ సీసాలు ఏరుడు గూడ వాని డ్యూటీనే. నిజం చెప్పాల్నంటే ఆ బిల్డింగుల తాగనోడు వాడొక్కడే. ఏడు నెలల సంది తల్లికి కంటినిండ నిద్ర.

గప్పుడు మెస్సు చూసుకునే శ్రీలలిత మేడం, "నీ చేతి పప్పుకి తిరుగు లేదు పరుశురాం. సర్టిఫికెట్లు తీసుకురా, పర్మినెంటుకి పేరు పంపిస్తాను" అన్నది.

చదువులేనోడు ఏం తెస్తడు? ఇంటికొచ్చి తలకాయ పట్టుకున్నడు. అమృతమ్మ మాత్రం, ఓరి పిచ్చోడా, ఉన్నది గద అనుకున్నది. తెల్లారి వానికి చెప్పకుంట మంచి చీర కట్టి, కాయితం కొంగుచాటున పెట్టుకుని క్యాంపస్‌కు పోయింది.

మేడం చదివింది. మొకం రంగు మారింది.

"జైల్లో ఇచ్చారా?"

"ఔ మేడం! ఊకెనే ఇయ్యలే, ఎనిమిది నెలలు చూసి ఇచ్చిన్రు. పూరా మానిండని రాసున్నదట. పక్కింటి వాసంతితోని రెండుసార్లు చదివించిన."

"మంచిదేనమ్మా. కానీ పిల్లలుండే చోటు. తాగుబోతుని పెట్టుకున్నామంటే తల్లిదండ్రులు ఊరుకుంటారా?"

"మానిండనే గద మేడం రాసింది!"

"మానాడంటే తాగేవాడనేగా అమ్మా."

అమృతమ్మ కాయితాన్ని మళ్ల కొంగుచాటున పెట్టుకున్నది.

మధ్యాహ్నానికి పరుశురాం పనిలకెల్లి బయటున్నడు. తార్నాక బస్టాపుల తల్లి నెత్తి కొట్టుకున్నది. "నా చేతులిరగ! నీ నోటికాడి బువ్వ నేనే గుంజుకుంటి బిడ్డా!"

వాడు కోపం చేయలే. "తాగినన్ని రోజులు నాలుగు హోటళ్లల్ల చేసిన్నమ్మా. ఒక్కడన్న కాయితం అడగలే" అన్నడు, నవ్వినట్టే.

రోడ్డవతల వైన్ షాపు షట్టరు లేపి ఉన్నది. వాని చూపు గటు పోయి, మళ్లొచ్చింది. అమృతమ్మ వాని మణికట్టు పట్టుకున్నది.

"ఇడ్సు అమ్మా, నేనేడికీ పోను."

"నాకెర్కనే బిడ్డా" అన్నది. బస్సొచ్చేదాక ఇడ్వలే.