వానలో తడిసిన ఒట్టి తునకలు

మా అత్తకు నోరూ ఎక్కువే, చేతిలో రుచీ ఎక్కువే. పంతొమ్మిది వందల యాభైల చివర్లో నేను చిలమత్తూరు వైపు నుంచి కంబదూరు దగ్గరి ఈ ఊరికి కోడలుగా వచ్చాను. కట్టెలు, నీళ్లు, పేడ అన్నీ నావే. కారం నూరే రోలు మాత్రం ఆమెది. "మీ పక్క కూర తింటే నాలిక్కి నిద్రొస్తాది మే" అనేది. నాకు ఒళ్లు మండేది. ఆ రోలు ముందు కూర్చున్న రోజే నేను ఈ ఇంటిదాన్ని అనుకునేదాన్ని.

ఒక యేడు వానల కోసం ఊరంతా కలిసి గంగమ్మకు పొట్టేళ్లు కొట్టారు. మా వాటాలో సగం ఆ పూటకు వండి, మిగతాది అత్త పొడవుగా కోసింది. ఉప్పు, ఎండుమిరప, పసుపు, తెల్లగడ్డ నూరి పట్టించి పెరట్లో తాడు మీద ఆరేసింది. అవి ఎండితే ఒట్టి తునకలు. విత్తనాలేసే రోజుల్లో సంగటిలోకి అవే ఆధారం. కాకులు ముట్టకుండా చూసే పని నాది.

తునకలు సగం ఎండేసరికి వాన దిగింది. ఇంటిల్లిపాదీ వీధిలోకి పరిగెత్తాం. అత్త కొంగు నడుముకు చుట్టి చిన్నపిల్లలా తడిసింది. ఆరేసినవి లోపలికి తెచ్చుకోవాలని ఒక్కరికీ తట్టలేదు. ఆ అలవాటు ఉండాలంటే మా ఊళ్లో వానంటూ కురవాలి కదా! గుర్తొచ్చి పెరట్లోకి పోతే, కారమంతా కొట్టుకుపోయి తునకలు తెల్లగా వేలాడుతున్నాయి. బావురుమన్నాను.

"వానొచ్చిందని ఏడ్చే మనిషిని ఈ సీమలో నిన్నే చూసినా పాపా" అని మామ ఒకటే నవ్వు.

తెల్లారి అందరూ విత్తడానికి చేలోకి పోయారు. "వాటిని కుక్కలకెయ్యి మే" అని అత్త చెప్పి పోయింది. నాకు మనసొప్పలేదు. రోలు చూస్తే ఖాళీగా ఉంది. ఇక ఆగలేదు. మా అమ్మ నూరినట్టు ధనియాలు, మిరియాలు, లవంగాలు, కాస్త చింతపండు కూడా చేర్చి కారం నూరి తునకలకు పట్టించాను. పొయ్యి పైన తాడు కట్టి వేలాడదీసి, కింద వేరుశనగ పొట్టుతో పొగ పెట్టాను. విత్తనాలు అయ్యేదాకా రోజూ అదే పని. కళ్లు వాచిపోయాయి.

ఆఖరి రోజు వాటిని నిప్పుల మీద కాల్చి, దంచి, సంగటితో పెట్టాను. అత్త ఒక తునక నమిలింది.

"పొగ కంపు" అంది. అని, మళ్లీ చెయ్యి చాచింది.

మరుసటి యేడు గంగమ్మ మాంసం ఇంటికొచ్చిన రోజు ఆకాశంలో మబ్బన్నదే లేదు. అత్త తాడు తెచ్చి పొయ్యి పైన కడుతోంది.

"ఎండ ఇంత కాస్తాంటే లోపలెందుకత్తా?"

"ఎండ యాడికి పోతాదిలే" అంటూ రోలు కడిగి, పీట నావైపు జరిపింది. "కూచో. నూరు."