రీమ్ కాలి వేడి

మొన్న శుక్రవారం సౌదీలో, దమ్మామ్‌లోని మా గదిలో, అన్నం తిని కాస్త నడుం వాల్చానో లేదో, జుబైల్ ఫ్యాక్టరీలు ఆపి చేసే షట్‌డౌన్ మరమ్మతు పనులకు పోయి వచ్చే పక్క మంచం వెల్డరు తన ఫోను తెచ్చి నా మొహం ముందు పెట్టాడు. ఎక్కడో చలిదేశంలో గుర్రాలు కంచెల మీదుగా దూకుతూ పరుగెత్తే పందెం అది. గుర్రాలంటే నాకు ప్రాణమని అతనికి ఎవరో చెప్పారట, పాపం, నన్ను సంతోషపెడదామనే చూపించాడు. పది పన్నెండు గుర్రాలు ఒక్కసారిగా గాల్లోకి లేచి దిగాయి, అందులో ఒకటి మాత్రం పడింది, మళ్లీ లేవలేదు. నలుగురు మనుషులు పరుగెత్తుకొచ్చి దాని చుట్టూ పచ్చటి తెరలు పట్టుకున్నారు. ఆ తెరలెందుకు మామా అని అతను అడిగితే, జనం చూడకుండా అని చెప్పి, చెప్పులేసుకుని ఆ ఎండలోనే బయటికి వచ్చేశాను. నాకు ఏ తెరా అడ్డం లేదు. తాడు చేత పట్టుకుని, ఎదురుగా నిలబడి అంతా చూసినవాణ్ణి.

మాది ప్రొద్దుటూరు. మేము దూదేకులవాళ్లం, పేరుకు సాయిబులమే గానీ ఇంట్లో మాట్లాడుకునేది తెలుగే, అందుకని నాకు ఉర్దూ అంతంత మాత్రం, అరబ్బీ సంగతి ఇక చెప్పనక్కర్లేదు. మా నాయన జట్కా తోలేవాడు. బండి కట్టేముందు రోజూ గుర్రం ముందు గొంతు కూర్చుని, నాలుగు కాళ్లూ మోకాలి నుంచి గిట్ట దాకా అరచేత్తో నిమిరేవాడు. నాకు ఏడెనిమిదేళ్లప్పుడు ఒకసారి, ఏమీ చెప్పకుండా నా మణికట్టు పట్టుకుని నా చెయ్యి తెచ్చి ముందు ఒక కాలి మీద, తర్వాత రెండో కాలి మీద పెట్టాడు. ఒకటి నీళ్లకుండలా చల్లగా ఉంది, రెండోది అప్పుడే పొయ్యి మీంచి దించిన తపేలాలా ఉంది. బయట పెళ్లివాళ్లు జట్కా కోసం కేకలు పెడుతున్నారు. నాయన బీడీ ముట్టించుకుని, వాళ్లతో "కాలు వేడిగా ఉండాదంటే ఈ పొద్దు బండి లేదు, అంతే" అన్నాడు. వాళ్లు ఎన్ని తిట్టినా కూర్చున్న చోటు నుంచి లేవలేదు.

ఆ ధైర్యం నాకు అబ్బలేదు, విద్య మాత్రమే అబ్బింది. చాలా ఏళ్ల కిందట తబూక్ దగ్గర మజ్రాలో, అంటే పెద్ద వ్యవసాయ క్షేత్రంలో, పనికని వచ్చాను. మా కఫీల్‌కు, అంటే నాకు వీసా ఇచ్చిన యజమానికి, అక్కడే గుర్రాలశాల, గుర్రాల చేత కడ్డీల మీది నుంచి దూకించే మైదానం ఉండేవి. గుర్రం పని ఎవరికి వచ్చని అడిగితే చెయ్యెత్తాను. అలా నా చేతికి వచ్చింది రీమ్, నుదుట తెల్లచుక్క ఉన్న ఎర్రటి ఆడగుర్రం. ఖర్జూరం పెడితే గుజ్జంతా తిని, గింజను బుద్ధిగా నా అరచేతిలోనే ఉమ్మేది. దానితో నేను మా కడప మాటే మాట్లాడేవాణ్ణి, రామ్మా అంటే వచ్చేది. ఇంటి మీద బెంగ పుట్టినప్పుడల్లా దాని మెడ పక్కన నిలబడి ఏదో ఒకటి చెప్పుకునేవాణ్ణి. ఆ రోజుల్లో నా మాట పూర్తిగా విన్నది అదొక్కటే.

రెండో తోడు జగిత్యాల నుంచి వచ్చిన అన్న, మజ్రాలో నీళ్ల మోటార్లు చూసేవాడు. నాకు అరబ్బీ నేర్పింది ఆయనే. ఒంట్లో బాగాలేకపోతే తాబాన్ అనాలని చెప్పాడు, గదిలో ఎవరికి పనికి పోబుద్ధి కాకపోయినా అదే మాట అనేవాళ్లం. ఆ మాటకు అలసిపోయానన్న అర్థం కూడా ఉందని మాలో ఎవరికీ తట్టలేదు.

ఒక రోజు పొద్దున రీమ్ కాళ్లు నిమిరితే ఎడమ ముంగాలు మోకాలి కింద కాలిపోతోంది. నడక మామూలుగానే ఉంది, ఆ కాలి మీద బరువు మాత్రం కొద్దిగా తేలిగ్గా వేస్తోంది. ఆ సాయంత్రం అసర్ నమాజు తర్వాత కఫీల్ చుట్టాలు గుర్రాలు దూకడం చూడటానికి వస్తున్నారు. నేను పరుగున వెళ్లి, స్వారీ నేర్పే ముదర్రిబ్‌తో రీమ్ తాబాన్ అన్నాను. ఆయన నవ్వి, "కుల్లుకుం తాబాన్" అన్నాడు, మీరంతా అలసిపోయినవాళ్లే అని. హార్, హార్ అన్నాను, వేడి అనే మాట అదొక్కటే తెలుసు. ఆయన ఎండ వైపు చూసి, అవునవును మండిపోతోందని తల ఊపి, దానికి నీళ్లు పెట్టి అసర్ దాకా నీడలో ఉంచమన్నాడు. అయ్యో, అది కాదని ఎలా చెప్పాలి?

తడిగుడ్డ చుట్టి కూర్చున్నాను. సాయంత్రానికి కూడా వేడి దిగలేదు. జీను తెమ్మన్నప్పుడు మరోసారి తాబాన్ అన్నాను, ఆయన చెయ్యి విసిరాడు. గట్టిగా అడ్డుపడితే వీసా మీద ఎగ్జిట్ కొట్టి ఇంటికి పంపేస్తారేమోనన్న భయం పట్టుకుంది. రెండుసార్లు చెప్పాను కదా, ఇక నా తప్పేముందని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. దాని పొట్టకింద పటకా బిగించింది ఈ చేతులే. బిగిస్తుంటే అది తల తిప్పి నా భుజం వాసన చూసింది.

మూడో కడ్డీ దూకి దిగినప్పుడు ఆ కాలు విరిగింది. పైనున్న ముదర్రిబ్ ఇసుకలో పడి, దెబ్బ తగలకుండా లేచాడు. రీమ్ మాత్రం మూడు కాళ్ల మీద నిలబడే ఉంది. ఊళ్లోంచి పశువుల డాక్టరు వచ్చేదాకా తాడు పట్టుకుని రామ్మా, రామ్మా అంటూనే ఉన్నాను, ఎక్కడికి రమ్మంటున్నానో నాకే తెలియదు. ఆ కాలు ఇక అతకదని, బాధ లేకుండా ప్రాణం పోయేందుకు డాక్టరు సూది సిద్ధం చేస్తుంటే, ఖర్జూరం ఉందేమోనని అది నా అరచెయ్యి వెతికింది. ఆ రోజు నా చేతిలో ఏమీ లేదు.

ముదర్రిబ్ దాని తల దగ్గర కూలబడి ఏడ్చాడు. ఆయనకూ అది ప్రాణమేనని నాకు అప్పుడు తెలిసింది. జగిత్యాల అన్న రెండు రోజులు అన్నం ముట్టలేదు. "నేను నేర్పిన మాటనే దాని పానం తీసె తమ్మీ" అన్నాడు. నన్ను ఎవరూ ఏమీ అనలేదు, ఎగ్జిట్టూ కొట్టలేదు. కొట్టినా బాగుండేదనిపించింది.

ఆ తర్వాత గుర్రాల పని వదిలేసి డ్రైవరునయ్యాను. ఇప్పుడు దూకించేముందు డాక్టర్లు కాళ్లు చూస్తారట, మిషన్లతో ఎముక లోపల కూడా చూస్తారట, మంచిదే. మొన్న గదికి తిరిగొచ్చాక వెల్డరు ఫోను అడిగి, ఒక భాష మాటను ఇంకో భాషలోకి మార్చే యాప్ పెట్టించుకుని, కాలు వేడిగా ఉంది అని తెలుగులో చెప్పాను. ఎవరో ఆడగొంతు టక్కున దాన్ని అరబ్బీలో చెప్పేసింది. ఎంత తేలికైపోయిందో! మళ్లీ మళ్లీ విన్నాను, వెల్డరు వింతగా చూశాడు.

మాట రాకనే రీమ్ పోయిందని ఇన్నేళ్లూ చెప్పుకుంటూ వచ్చాను. కానీ మా నాయన ఆ రోజు నాకు ఏ మాటా చెప్పలేదు. నా మణికట్టు పట్టుకుని, నా చెయ్యి తెచ్చి ఆ కాలి మీద పెట్టాడు, అంతే. రీమ్‌కు జీను కట్టిన సాయంత్రం ముదర్రిబ్ చెయ్యి కూడా నాకు బారెడు దూరంలోనే ఉంది.