పేరు తెలియని దయ్యం

ఈరోజు మేముండే మౌంట్ రాస్కిల్ పేటలో మా బుక్ క్లబ్ వాళ్ళం హాలోవీన్‌కి ఓ పాతకాలపు దయ్యం నవల చదువుదామనుకున్నాం. ఫిజీ చెరకు తోటల్లో, కూలీల పాకల చుట్టూ తిరిగే ఆడదయ్యం కథ. అందరం చేతులెత్తాం, ఫిజీ నుంచి వచ్చిన లక్ష్మి ఆంటీ తప్ప.

“దయ్యాలంటే భయమా ఆంటీ?” అని నవ్వాను.

“కాదమ్మా. మా అమ్మమ్మని కని, వాళ్ళమ్మ అలాంటి పాకలోనే పోయింది. ఆమె పేరు మాకెవరికీ తెలీదు. దయ్యమై వచ్చినా బాగుండు, పేరు అడిగేదాన్ని” అన్నారు ఆంటీ.

ఎత్తిన చెయ్యి మెల్లగా దించేశాను.

ఇంటికొచ్చి అమ్మకి ఫోన్ చేసి, వాళ్ళ అమ్మమ్మ పేరేంటని అడిగాను. “మేం అమ్మమ్మ అనే పిలిచేవాళ్ళం” అంది అమ్మ.

ఆంటీని చూసి నవ్వినదాన్ని నేను. మీలో ఎంతమందికి తెలుసు, మీ అమ్మమ్మ వాళ్ళమ్మ పేరు?