నేను వెళ్లని మూడో రోజు

దయ్యాలనూ మహిమలనూ నేనెప్పుడూ నమ్మలేదు. ఇరవై ఏళ్లుగా కంటి ఆసుపత్రి పనిలో ఉన్నాను. దేనికైనా ఒక కారణం ఉంటుందనుకునే మనిషిని. ఎడపల్లి వైపు ఒక ఊళ్లో మార్తమ్మ కన్ను నేనే కాపాడానని ఇప్పటికీ చెప్పుకుంటున్నారు. అది నిజం కాదు. అందుకే ఇది రాస్తున్నాను.

నిజామాబాద్‌లోని ఒక చిన్న ఆసుపత్రి తరఫున ఊళ్లు తిరగడం నా పని. శుక్లాలున్నవాళ్లను వ్యాన్‌లో తీసుకెళ్లి ఆపరేషన్ చేయించి, మర్నాడు ఇళ్ల దగ్గర దింపుతాం. మూడో రోజు నేను ఇంటికి వెళ్లి టార్చి వేసి కన్ను చూడాలి. నొప్పి, ఎరుపు, వాపు ఉంటే చీటీ రాసి వెంటనే ఆసుపత్రికి పంపాలి. చీము పట్టిన కంటికి ఒక్క పూట ఆలస్యమైనా చూపు దక్కకపోవచ్చు.

ఆసారి ఆ ఊరివాళ్లు ఇద్దరు. ఒకరు మార్తమ్మ. ఇంకొకరు రెండు గల్లీల అవతల ఉండే చెరకు రైతు గంగారాం. మూడో రోజున కమ్మర్‌పల్లిలో మా అక్కవాళ్ల గృహప్రవేశం. మర్నాడు వెళ్దాంలే అనుకొని, రిజిస్టర్‌లో ఇద్దరి పేర్ల ఎదుట ‘బాగుంది’ అని ముందే రాసేశాను. ఆ రోజు పొద్దున్నుంచి సాయంత్రం దాకా అక్క ఇంట్లోనే ఉన్నాను. ఫొటోలు కూడా ఉన్నాయి.

నాలుగో రోజు పొద్దున డాక్టర్ ఫోన్ చేశారు. నిన్న మధ్యాహ్నం మార్తమ్మ నా చీటీ పట్టుకొని వచ్చిందట. కంట్లో చీము. ఇంజెక్షన్ ఇచ్చారట, చూపు నిలుస్తుందట. సమయానికి పంపావని మెచ్చుకున్నారు. నాకేమీ అర్థం కాలేదు. అంతలోనే, అదే రోజు ఆపరేషన్ అయిన గంగారాం ఎలా ఉన్నాడని అడిగారు.

“చూసిన సార్. బాగుంది,” అన్నాను.

చూడలేదంటే రిజిస్టర్ సంగతి బయటపడుతుంది. ఆ భయంతోనే అబద్ధమాడాను. అప్పుడైనా నేరుగా గంగారాం ఇంటికి వెళ్లాల్సింది. ఆ చీటీ ఏమిటో తేల్చుకుందామని ముందు ఆసుపత్రికి పోయాను.

మంచం పక్కన మార్తమ్మ కోడలు సునీత కూర్చొని ఉంది. నన్ను చూసి నవ్వింది. “చెరకు పండే ఊర్ల షక్కర్ లేని చాయ్ అడిగేటోన్ని నిన్నే సూసిన అన్నా.”

నేను చాయ్‌లో చక్కెర వేసుకోను. కానీ వాళ్లింట్లో ఎన్నడూ చాయ్ తాగలేదు.

మార్తమ్మ నా చెయ్యి పట్టుకుంది. “నువ్వు రాకుంటే గుడ్డిదాన్నయితుంటి బిడ్డా. ప్రభువే నిన్ను తోలిండు.”

రాలేదని చెప్పలేదు. ఆమె కేసు కాగితాల్లో ఉన్న చీటీ తీసి చూశాను. రాత నాది, సంతకం నాది. నా సంచిలోని చీటీల పుస్తకంలో ఒక కాగితం చిరిగి ఉంది. చీటీ ఇచ్చినప్పుడల్లా పేరూ తేదీ రాసుకోవడానికి పుస్తకంలో మిగిలే సగం మీద మాత్రం ఏమీ రాసి లేదు. ఆ సంచి కమ్మర్‌పల్లిలో రోజంతా నా బండికే వేలాడుతూ ఉంది.

గంగారాం ఇల్లు చేరేసరికి మధ్యాహ్నం దాటింది. రెప్పలు వాచి కన్ను తెరుచుకోవడం లేదు. ఆటోలో నిజామాబాద్ తీసుకెళ్లాను. ఆ కన్ను పోయింది. పొద్దున్నే తెచ్చి ఉంటే ప్రయత్నం చేసేవాళ్లమని డాక్టర్ అన్నారు.

జరిగిందంతా కాగితం మీద రాసి ఆయనకిచ్చాను. ఆయన దాన్నీ చీటీనీ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశారు. “రెండూ నీ రాతే కదా,” అన్నారు. గంగారాంను నేను చూడలేదంటే నమ్మారు. మార్తమ్మ ఇంటికీ వెళ్లలేదంటే మాత్రం నమ్మలేదు.

పది రోజుల తర్వాత గంగారాం దగ్గరికి వెళ్లి తప్పు ఒప్పుకున్నాను. ఆ రోజు అసలు మీ ఊరికే రాలేదని చెప్పాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. పక్కన ఆయన భార్య కూడా నన్ను వింతగా చూసింది.

“అబద్ధమెందుకు సార్? గా దినం మా వాకిట్ల దాక వచ్చినవ్. మేమిద్దరం సూసినం. రా సార్ అని పిలిసిన. నన్నే సూసుకుంట జరసేపు నిలవడ్డవ్, ఎన్కకు మళ్లిపోయినవ్.” మిగిలిన ఒక్క కంటితో నా ముఖంలోకి చూశాడు. “లోపటికెందుకు రాలేదు?”

ఆ వాకిట్లో నిలబడింది ఎవరో నాకు ఇప్పటికీ తెలియదు. లోపలికి రానిది మాత్రం నేను కాదని ఆయనతో అనలేకపోయాను.